రేవులో ఆగిపోయిన కుర్చీ

ఇతరుల ఇళ్ళకు కర్టెన్లు, కుర్చీలు, దీపాలు ఎంచి అమర్చిపెట్టడం నా పని. తిరుపతిలో దీన్ని కొందరు ఇంటీరియర్ అంటారు, కొందరు డెకరేషన్ అంటారు. పెళ్ళిమంటపానికి పూలు కట్టాలని నాకు ఫోన్ చేసినవాళ్ళూ ఉన్నారు. బైరాగిపట్టెడలో ఒక మేడ మీద రెండు గదుల్లో ఉంటాను. ముందు గది ఆఫీసు, వెనక గది ఇల్లు. పెళ్ళి ఒకప్పుడు అయింది, నిలవలేదు. దాని గురించి ఇక్కడ చెప్పేదేమీ లేదు. అమ్మ ఉన్నన్నాళ్ళూ నాతోనే ఉంది. ఆమె పోయాక వెనక గదిలో మంచం ఒక్కటి ఖాళీ అయింది గాని, ఇల్లు మొత్తం ఖాళీ అయినట్టే ఉండేది.

నా పనిలో మనుషులతో పెద్దగా అవసరం ఉండేది కాదు. చెన్నైలో ఒక దిగుమతిదారు గోడౌను ఉండేది. సోఫాలు, వేలాడే దీపాలు, కర్టెన్ గుడ్డ, అద్దాలు అన్నీ ఓడల్లో అక్కడికి వచ్చేవి. ఇంటివాళ్ళకు నేను ఫోన్‌లో బొమ్మలు చూపిస్తాను. వాళ్ళు వేలు పెట్టి ‘ఇది’ అంటారు. నేను చెన్నైకి చెబుతాను. కొన్నాళ్ళకు లారీ వస్తుంది. సామాను విప్పి, సర్ది, తాళాలు వాళ్ళ చేతికిచ్చేస్తాను. గృహప్రవేశం రోజు నన్నూ పిలుస్తారు. పంక్తిలో కూర్చోబెట్టి భోజనం పెడతారు, తాంబూలంలో ఒక జాకెట్టు ముక్క ఇస్తారు. ఆ మరుసటి రోజు నుంచి ఆ ఇంటికి నేనెవరినో. స్కూటీ మీద ఆ వీధుల్లో పోతూ కిటికీలకేసి చూస్తుంటాను. నేను ఎంచిన తెర వెనక ఎవరో దీపం వేస్తారు, ఎవరో నడుస్తారు. బండి ఆపడానికి కారణం ఏదీ ఉండదు.

చిత్తూరు నుంచి ఒకావిడ ఫోన్ చేసినప్పుడు కూడా ఇది అలాంటి పనే అనుకున్నాను.

ఆమె ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేరి, హెడ్ నర్సుగా రిటైర్ అయ్యారు. చిత్తూరులో సగం ఊరు ఆమెను సిస్టరమ్మ అనే పిలుస్తుంది. నేనూ అలాగే పిలిచాను. ఆమె పెళ్ళి చేసుకోలేదు. ఉద్యోగమంతా హాస్టళ్ళలోనూ క్వార్టర్సులోనూ గడిచింది. రిటైరయ్యాక ఊరి చివర కొత్త లేఅవుట్లో చిన్న ఇల్లు కట్టించుకున్నారు. ఒక హాలు, ఒక పడకగది, వంటిల్లు, వీధి వైపు ఒక చిన్న గది. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు ఇంట్లో సున్నం వాసన ఇంకా పోలేదు. ఆమె హాలు మధ్యలో ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని ఉన్నారు.

“నాకు ఎక్కువేం వద్దు పాపా,” అన్నారు. నాకప్పటికే నలభై దాటాయి. నన్ను పాపా అని పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. “రెండే రెండు కావాల. కాళ్ళు సాపుకుని కూసునేదానికి ఒక మంచి కుర్చీ. ఇంగ, పగలు గూడా చీకటిగా ఉండేటట్టు కర్టెన్లు.”

“పగలు చీకటి ఎందుకు సిస్టరమ్మా?”

“రాత్రి డ్యూటీలు సేసి సేసి నాకు పగటి నిద్రే అలవాటైపోయింది. ఇప్పుడు డ్యూటీ లేదు గానీ నిద్ర మాత్రం పగలే వస్తాది. క్వార్టర్సులో కిటికీకి పేపరు అంటించుకునేదాన్ని. నా ఇంట్లో గూడా పేపరేనా?”

ఫోన్ తీసి ఒక కుర్చీ బొమ్మ చూపించారు. వెనక్కి వాలి, కాళ్ళ దగ్గర వేరే చిన్న పీటతో ఉన్న విదేశీ కుర్చీ. ఎవరో డాక్టరు ఇంట్లో చూశారట. దానిలో ఒక్కసారి కూర్చుని లేవబుద్ధి కాలేదట. చెన్నై గోడౌనుకు ఆ కుర్చీ చెప్పాను, వెలుతురు రానివ్వని గుడ్డ కూడా చెప్పాను. నెలలో వచ్చేస్తుందన్నాడు గోడౌను ఆయన.

రాలేదు. అడిగితే ఒకటి రెండు సార్లు ఏదో ఒకటి చెప్పి, చివరికి ఆయనే ఫోన్ చేశాడు.

“మేడమ్, మీ సరుకు హార్బర్లోనే ఆగిపోయింది. సుంకం పెంచేసినారు. అది చాలదన్నట్టు, బయట నుంచి వచ్చే ఫర్నిచరుకి మన దేశం నాణ్యత ముద్ర కావాలంటున్నారు. విడిపించుకుంటే నాకు నష్టం, వదిలేస్తే ఇంకా నష్టం. ఆ కుర్చీ సంగతి మర్చిపోండి. నేనే ఈ వ్యాపారం మానుకుందామని చూస్తున్నా.”

ఆయన గొంతులో కోపం లేదు, అలసట ఉంది. ఆ ఫోన్ పెట్టేశాక నేను చాలాసేపు ఆఫీసు గదిలో కూర్చున్నాను. గోడ మీద రంగు రంగుల గుడ్డ ముక్కలు, టేబుల్ మీద టైల్స్ ముక్కలు. అన్నీ ఆ గోడౌనువే. ఇన్నేళ్ళుగా చేస్తున్న పనిలో నాకు తెలిసింది ఒక ఫోన్ నంబరు తప్ప ఏమీ లేదని ఆ రోజు అర్థమయింది.

సరుకు రాదన్న మాట సిస్టరమ్మకు ఫోన్‌లో చెప్పబుద్ధి కాక బస్సెక్కి వెళ్ళాను. ఆమె అదే స్టూలు మీద కూర్చుని విన్నారు.

“ఓడలో వస్తేనే కుర్చీనా?” అన్నారు. “ఈడ ఎవురూ కుర్చీ సెయ్యరా?”

తిరుపతిలో నాకు తెలిసిన వడ్రంగులందరూ ప్లైవుడ్ కోసి, పైన రంగు మైకా అంటించి వంటింటి అలమరలు చేసేవాళ్ళే. కుర్చీ చేసే మనిషి ఎవరో నాకు తెలియదు.

“తెలీదు సిస్టరమ్మా,” అన్నాను.

“తెలీకపోతే కనుక్కుందాం. నాకు ఇంగ డ్యూటీ ఏముండాది? రా, పోదాం.”

అలా మొదలైంది. శనివారం ఉదయం నేను చిత్తూరు బస్టాండులో దిగేసరికి ఆమె టీ కొట్టు దగ్గర నిలబడి ఉండేవారు. చేతిలో గొడుగు, భుజాన నీళ్ళ సీసా పెట్టుకున్న సంచి. ఆసుపత్రిలో ఎవరికో చేయి కుట్టించిన పరిచయంతోనో, ఎవరి ప్రసవంలోనో పక్కన నిలబడ్డ పరిచయంతోనో ఆమెకు ప్రతి ఊళ్ళోనూ ఒక మనిషి ఉండేవాడు. ఆ మనిషి ఇంకో మనిషిని చూపించేవాడు. ఇద్దరం ఆటోల్లో, బస్సుల్లో తిరిగాం. బంగారుపాళ్యం దగ్గర ఒక మామిడి తోట యజమాని తన కోతమిల్లులో చెక్క చూపించాడు. మామిడి చెక్కకు పురుగు పడుతుందని ఆమె వద్దన్నారు. మధ్యాహ్నం హైవే పక్క హోటల్లో భోజనం చేశాం. ఎదురుగా కూర్చుని ఒక మనిషి అన్నం తింటుంటే చూస్తూ తినడం నేను మర్చిపోయిన విషయం. ఆమె గబగబా తినేవారు. వార్డులో అలవాటట. తినేసి, నేను తినడం అయ్యేవరకు అట్లే కూర్చునేవారు.

చివరికి కార్వేటినగరంలో ఒక వడ్రంగి దొరికాడు. పాత కోట గోడకు కొంచెం ఇవతల రేకుల షెడ్డు. తలుపులు, ద్వారబంధాలు, మంచాలు చేస్తాడు. అరవై దాటిన మనిషి. ఫోన్‌లో కుర్చీ బొమ్మను దగ్గరగా, దూరంగా పెట్టి చూశాడు.

“కుర్చీ సేసి శానా కాలమైంది సిస్టరమ్మా,” అన్నాడు. “ప్లాస్టిక్ కుర్చీలు వచ్చినాక అడిగేవాళ్ళు యాడుండారు? చెయ్యి తిరుగుతాదో లేదో.”

“నా చెయ్యి గూడా ఇప్పుడు సూది సరిగా ఎయ్యలేదప్పా. ఐనా ఎయ్యమంటే ఎయ్యాల గదా? సెయ్యి.”

ఎవరో పడగొట్టిన పాత ఇంటి టేకు దూలం ఆయన దగ్గరుంది. దానితో చేస్తానన్నాడు. రెండు వారాల తర్వాత వెళితే కుర్చీ సిద్ధంగా ఉంది. చూడ్డానికి బాగుంది. సిస్టరమ్మ కూర్చుని, వెనక్కి ఆనుకుని, ముఖం చిట్లించారు.

“ఎక్స్‌రే తీసేదానికి కూసోబెట్టినట్టు ఉండాది!”

వడ్రంగి నవ్వాడు గాని చిన్నబుచ్చుకున్నాడు. వీపు మరీ నిటారుగా వచ్చింది. రెండోసారి బాగా వాల్చాడు. కూర్చుంటే లేవడానికి నేను చేయి పట్టుకుని లాగాల్సి వచ్చింది. అప్పుడు ముగ్గురం కలిసి ఆలోచించాం. నేను టేపుతో ఆమె మోకాలి ఎత్తు, వీపు పొడవు కొలిచాను. ఇన్నేళ్ళలో గదులు కొలిచాను, కిటికీలు కొలిచాను. కూర్చునే మనిషిని కొలవడం అదే మొదలు. మూడో కుర్చీ కుదిరింది. ఒక చేతిపట్టె రెండోదానికన్నా కొంచెం లావుగా ఉంది. మారుస్తానన్నాడు.

“వద్దులే,” అన్నారు సిస్టరమ్మ. “నా చేతులు గూడా రెండూ ఒకటే లావు లేవు.”

కుర్చీని ఆటో ట్రాలీకి కట్టించి మేం బస్సులో వచ్చాం. పుత్తూరు నుంచి చిత్తూరు పోయే బస్సు. కిటికీ పక్కన ఆమె నిద్రపోయారు. తల నా భుజం మీదికి వచ్చింది. దిగేదాకా నేను కదల్లేదు.

కర్టెన్లు మిగిలాయి. అంగళ్ళలో దొరికే గుడ్డలన్నీ పలచన. వెలుతురు ఆపేంత మందం గుడ్డ ఎక్కడుంటుందని వాకబు చేస్తే, రేణిగుంటలో అమెరికాకు కర్టెన్లు, దిండు గలీబులు కుట్టి పంపే ఒక కంపెనీ గురించి ఎవరో చెప్పారు. గోడౌన్ల మధ్య పెద్ద రేకుల షెడ్డు అది. మేం వెళ్ళేసరికి లోపల చప్పుడు లేదు. వరసలు వరసలుగా కుట్టుమిషన్లు, వాటి మీద గుడ్డలు కప్పి ఉన్నాయి. ఒక మూలన మాత్రం నలుగురైదుగురు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు.

మేనేజరు నడివయసు మనిషి. మేం కొనడానికి వచ్చామంటే మొదట నమ్మలేదు.

“ఇది ఊర్లో అమ్మే సరుకు కాదు మేడమ్. అంతా అమెరికాకు పొయ్యేది. ఇప్పుడు మన సరుకు మీద వాళ్ళు సుంకం పెంచేసినారు గదా. ఆడ కొనేవాళ్ళకు గిట్టదంట. ఆర్డర్లు నిలిపేసినారు. కోసిన గుడ్డ కోసినట్టే ఉండాది. ఆడోళ్ళను ఇంటికి పంపేసినా. పంపేటప్పుడు ఏం సెప్పాల్నో తెలీలా.”

సిస్టరమ్మ ఆ కప్పిన మిషన్ల వైపు చూస్తూ నిలబడ్డారు.

“నాకు రావాల్సింది రేవులో ఆగిపోయింది,” అన్నారు. “మీ దగ్గర నుంచి పోవాల్సింది ఈడ ఆగిపోయింది. సుంకం అంటే ఇదేనా?”

“అంతే సిస్టరమ్మా,” అన్నాడాయన. ఆమెతో ఎవరైనా రెండు మాటలు మాట్లాడితే సిస్టరమ్మ అనేస్తారు.

గుడ్డ చుట్టలు కప్పు దాకా పేర్చి ఉన్నాయి. పండుటాకు రంగు, ఇటుక రంగు, ఆవపిండి రంగు. ఏదో దేశంలో ఆకులు రాలే కాలానికి ఎంచుకున్న రంగులని మేనేజరు చెప్పాడు. ముదురాకుపచ్చ చూపిస్తే సిస్టరమ్మ చెయ్యి అడ్డంగా ఊపారు.

“ఆకుపచ్చ మాత్రం వద్దు. మంచాల మధ్య ఆకుపచ్చ తెరలు జరిపి జరిపి నా సర్వీసు అయిపోయింది. ఆ తెర జరిపినామంటే లోపల ఏమో జరగతా ఉందని అర్థం.”

ఆవపిండి రంగు ఎంచుకున్నారు. వెనక వెలుతురు ఆపే మరో పొర వేసి కుట్టాలి. మూలన కూర్చున్నవాళ్ళలో ఒకామెను మేనేజరు పిలిచాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి, సన్నగా ఉంది. మెడలో ఇంచిటేపు వేలాడుతోంది. భర్త లారీ మీద పోతాడు, నెలకొకసారి ఇంటికొస్తాడు. కూతురు హాస్టల్లో చదువుతోంది. ఈ విషయాలన్నీ ఆమె కొలతలు రాసుకునేలోపే సిస్టరమ్మ రాబట్టేశారు.

“ఎన్నేండ్లుగా కుడతా ఉండావు?” అని అడిగారు.

“ఈ కంపెనీ పెట్టినప్పట్నించి సిస్టరమ్మా. కర్టెన్లే కుడతా ఉండా. కానీ నేను కుట్టింది కిటికీకి కట్టినాక ఎట్లుంటాదో ఇంతవరకూ సూడలా. అంచు కుట్టి మడత పెడితే అట్నించే పెట్టెలోకి పోతాది.”

“ఐతే మా ఇంటికి రా. కట్టేటప్పుడు సూద్దువు.”

ఆ మాట మర్యాదకు అన్నారనుకున్నాను. వారం తర్వాత నేను కర్టెన్ కడ్డీలు బిగించే మనిషితో చిత్తూరు వెళితే, గుమ్మం ముందు ఆ కుట్టే ఆమె పెద్ద మూట పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది. పొద్దున మొదటి బస్సుకే వచ్చిందట.

కడ్డీలు బిగించి ఆ మనిషి వెళ్ళిపోయాడు. కుట్టే ఆమే కర్టెన్లు ఎక్కించింది, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. హాల్లో పెద్ద కిటికీకి మొదటి తెర జారి నేలదాకా దిగింది. ఆమె దాన్ని ఒకసారి ఇటు లాగింది, ఒకసారి అటు లాగింది. తర్వాత గబగబా వీధిలోకి పోయి బయటి నుంచి చూసింది. మళ్ళీ లోపలికి వచ్చింది.

“ఇంత పొడుగు కనపడతాదని అనుకోలేదక్కా,” అంది నాతో. “మిషను కింద ఎప్పుడూ ముద్దగా, మడతగానే గదా సూసింది. ఇట్ల నిలబడి ఉంటాదని…” కొంగుతో ముఖం తుడుచుకుని, కింద అంచు సరిచేసే పని పెట్టుకుంది.

మిట్టమధ్యాహ్నం సిస్టరమ్మ అన్ని తెరలూ మూయించారు. ఇల్లు చీకటైంది. బయట ఎండ మండిపోతోందని మరిచిపోయేంత చీకటి. ఆమె తడుముకుంటూ వెళ్ళి కుర్చీలో కూర్చుని కాళ్ళు చాపుకున్నారు.

“అబ్బా,” అన్నారు.

మేమిద్దరం నేల మీద కూర్చున్నాం. ఎవరూ దీపం వేయలేదు. కొంతసేపటికి సిస్టరమ్మ ఊపిరి బరువుగా వినిపించింది. కుట్టే ఆమె నా చెయ్యి తట్టి, చప్పుడు చేయొద్దని సైగ చేసింది.

ఇంటి ప్రార్థన రోజు పాస్టరుగారు వచ్చారు. పాత నర్సులు చాలామంది వచ్చారు. ఒక్కొక్కరూ కుర్చీలో కూర్చుని లేచారు, తెరలు లాగి చూశారు. వీధిలోవాళ్ళు కూడా వచ్చి, ఆ గుడ్డ ఎక్కడిది, ఎవరు కుట్టారు అని అడిగారు. లేఅవుట్లో అన్నీ కొత్త ఇళ్ళే, కిటికీలన్నీ బోడిగానే ఉన్నాయి. నేను అందరికీ కేకు ముక్కలు పంచాను. సాయంత్రం బస్సెక్కాను. నా పని అయిపోయింది.

ఆ తర్వాతి శనివారం పొద్దున్నే లేచి సంచి సర్దుకున్నాను. టేపు, నీళ్ళ సీసా, చిల్లర. చెప్పులు వేసుకునేటప్పుడు గుర్తొచ్చింది, పోవాల్సిన చోటేదీ లేదని. సంచి తలుపు వెనక తగిలించి కూర్చున్నాను. ఆ రోజు ఎంతకీ గడవలేదు. అంతకుముందూ నేను ఒంటరినే. కానీ అప్పటి ఒంటరితనం అలవాటైన చెప్పులాంటిది. ఇది కొత్తగా కరిచింది. ఓడ సరిగ్గా వచ్చి ఉంటే ఆ ఇంటికి రెండుసార్లు వెళ్ళేదాన్ని, అంతే. సరుకు ఆగిపోవడం వల్ల నాకు కొన్ని నెలలు దొరికాయి. దొరక్కపోయినా బాగుండేదని కూడా ఒక్కోసారి అనిపించింది.

ఏదో ఒక వంక కావాలి. సోమవారం ఫోన్ చేసి, కడ్డీల స్క్రూలు గట్టిగా ఉన్నాయా అని అడిగాను.

“బాగుండాయి పాపా,” అన్నారు. వెనక కుట్టుమిషను చప్పుడు వినిపించింది. “ఆ పిల్ల ఈడనే ఉండాది. వీధిలో అందరూ కర్టెన్లు కావాలంటే, ముందర గదిలో మిషను ఎయ్యమన్నా. వారమంతా ఈడుండి, శనివారం ఊరికి పోతాది. కంపెనీ గుడ్డ మేనేజరే పంపిస్తాడంట.”

మంచి మాట. అందరికీ మేలైన మాట. “చాలా సంతోషం సిస్టరమ్మా,” అన్నాను. ఫోన్ పెట్టేశాక సంతోషం ఎక్కడుందో వెతుక్కున్నాను. వాళ్ళిద్దరినీ కలిపింది నా వెతుకులాటే. ఇప్పుడు వాళ్ళు ఇద్దరు. నేను తిరుపతిలో.

నాకు కొత్త పని వచ్చింది. బంగారుపాళ్యంలో మామిడి గుజ్జు వ్యాపారం చేసే వాళ్ళ ఇల్లు. వాళ్ళకీ బయటి సరుకు వద్దు, ఇక్కడిదే కావాలి. కర్టెన్లు కుట్టించడానికి కొలతలు తీసుకుని చిత్తూరు వెళ్ళాను. ముందే చెప్పలేదు. వెళ్ళేసరికి ఇద్దరూ హాల్లో చాప మీద కూర్చుని అన్నం తింటున్నారు. ఒకే గిన్నెలో నుంచి పులుసు వేసుకుంటున్నారు. దేనికో నవ్వుతున్నారు. నన్ను చూసి ఇద్దరూ లేవబోయారు.

“రా పాపా, రా, కూసో. తిన్నావా?”

కుట్టే ఆమె వంటింట్లోకి పరుగెత్తి, పై అర నుంచి ఒక పింగాణీ ప్లేటు తీసి, కడిగి, తుడిచి నా ముందు పెట్టింది. వాళ్ళు తింటున్నది మామూలు స్టీలు పళ్ళేల్లో. సంగటి, కోడి పులుసు. చాలా బాగుంది. కొసరి కొసరి వడ్డించారు. నవ్వినదేదో నాకు చెప్పబోయి, “అది నీకు మొదట్నించి సెప్పాల, పెద్ద కథ” అని సిస్టరమ్మ ఊరుకున్నారు. నేను చుట్టంలా ఆ మంచి ప్లేటులో తిని, కొలతల కాగితం ఇచ్చి వచ్చేశాను. బస్సులో పూతలపట్టు దాటేదాకా కిటికీ వైపే చూస్తూ ఉన్నాను. వాళ్ళు ఏ తప్పూ చేయలేదు. అందుకే బాధ ఎవరికీ చెప్పుకునేది కాకుండా పోయింది.

ఆ తర్వాత కొలతలన్నీ ఫోన్‌లోనే పంపాను. కుట్టిన కర్టెన్లు బస్సు పార్సిల్లో వచ్చేవి. పని బాగా పెరిగింది. కార్వేటినగరం వడ్రంగి నా కోసం కుర్చీలు చేస్తున్నాడు. చేతిపట్టెలు ఇప్పుడు సమానంగా వస్తున్నాయి. చెన్నై గోడౌను ఆయన ఒకసారి ఫోన్ చేసి, ఆ పాత సరుకు విడిపించి నష్టానికే ఎవరికో అమ్మేశానని చెప్పాడు. సిస్టరమ్మ రెండు మూడు సార్లు ఫోన్ చేశారు. పనిలో ఉన్నానని చెప్పాను. నిజానికి ఒకసారి ఏ పనీ లేదు.

వానలు మొదలైన రోజుల్లో ఒక ఆదివారం ఉదయం మళ్ళీ ఫోన్ వచ్చింది.

“పాపా, ఆ పిల్ల ఎలబారి పోయింది. కంపెనీలో మళ్ళా ఆర్డర్లు వచ్చినాయంట. యాదో వేరే దేశమంట, ఆడ సుంకం తక్కువంట. అందరినీ పిలిపించినారు.”

“మంచిదే కదా సిస్టరమ్మా.”

“మంచిదే. మంచిది గాదని ఎవురన్నారు?” అన్నారు. “మిషను గూడా తీసుకుపోయింది. ఇల్లు నిశ్శబ్దంగా ఉండాది.”

చర్చికి పోలేదా అని అడిగాను. పోలేదన్నారు. నేను చీర మార్చుకుని బస్టాండుకు వెళ్ళాను.

తలుపు తీసేటప్పుడు ఆమె ముఖం వాడిపోయి ఉంది. తలుపు తీసి, పక్కకు జరగకుండా నన్నే చూస్తూ నిలబడ్డారు.

“ఎందుకు రాకుండా పోయినావు?”

“పని అయిపోయింది కదా సిస్టరమ్మా.”

“పని అయిపోతే మనుషులు రారా?”

మీ ఇంట్లో మంచి ప్లేటులో పెట్టారని చెప్పాలా? అది ఎలా చెబుతారు ఎవరైనా? చెప్పులు విడిచి లోపలికి వచ్చాను. వీధి గదిలో మిషను ఉన్న చోట నేల మీద దారపు ముక్కలు ఇంకా ఉన్నాయి. ఆమె ఊడవలేదు. నేనూ ఊడవలేదు.

మధ్యాహ్నం ఇద్దరం మిగిలిన అన్నంలో మజ్జిగ పోసుకుని తిన్నాం. రాత్రి డ్యూటీల్లో అన్నిటికన్నా కష్టం ఏదని నేనే అడిగాను. చావులు కాదన్నారు.

“తెల్లారి డ్యూటీ దిగి రూముకొస్తాం గదా. అందరూ అప్పుడే లేచి పనులకు పోతా ఉంటారు. మనం మాత్రం తలుపేసుకుని పండుకోవాల. ఊరంతా ఒక పక్క, మనం ఒక పక్క. ఆ పొద్దు కష్టం పాపా. దానికి మాత్రం అలవాటు పడలా.”

నాకు తెలుసన్నాను. ఆమె నా వైపు ఒకసారి చూసి తలాడించారు.

తర్వాత తెరలు మూసి కుర్చీలో వాలారు. నిద్ర పట్టేసింది. బయట వాన పడుతోంది. తిరిగి వెళ్ళడానికి బస్సులు చాలానే ఉన్నాయి గాని లేవబుద్ధి కాలేదు. చీకట్లోనే వంటింట్లోకి వెళ్ళి టీ పెడదామనుకున్నాను. ఆ ఇంట్లో ప్రతి కిటికీ నేను కొలిచినదే. ఏ డబ్బా ఎక్కడ పెట్టారో మాత్రం తెలియదు. ఒక్కొక్క మూత తీసి వాసన చూశాను. కందిపప్పు, మిరపపొడి, రాగిపిండి. టీపొడి అన్నిటికన్నా కింద దొరికింది. పంచదార కొలత తెలియక అంచనాగా వేశాను.

గ్లాసు చప్పుడుకు ఆమె లేచారు. రెండు గుక్కలు తాగారు.

“చక్కెర ఎక్కువేసినావు పాపా,” అన్నారు.

“మీకెంత కావాలో తెలీదు సిస్టరమ్మా.”

“అర సెంచా.” గ్లాసు కింద పెట్టకుండా మొత్తం తాగేశారు. “రేపొద్దున పోదువులే. ఇప్పుడు వానలో యాడికి?”

ఆ రాత్రి నేను ఆమె మంచం పక్కన నేల మీద చాప పరుచుకున్నాను.